ప్రాచీన గ్రీకులో ధ్వన్యనుకరణ మాటల పుట్టుక పట్టుకోవడం ఎలా

ప్రాచీన గ్రీకు మాట ఒకటి ఎదురైంది. వినగానే ఏదో చప్పుడుని అనుకరిస్తున్నట్టు తోచింది. నిజంగా ఆ చప్పుడులోంచే పుట్టిందా, మన చెవికి అలా అనిపిస్తోందా? దాన్ని తేల్చుకునే పద్ధతి చెప్తాను. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. గలగల, చిటపట, బుసబుస లాంటి మాటలు క్లాసులో పిల్లల చేత పలికిస్తూ ఉండటంతో వీటి మీద ఇష్టం పెరిగింది. ఆ ఇష్టమే గ్రీకు దాకా తీసుకెళ్లింది. లిపి గురించి టెన్షన్ పడొద్దు. 24 అక్షరాలే, వారంలో వచ్చేస్తాయి.

ముందే ఒకటి గట్టిగా చెప్తాను. చెవికి ఎలా వినిపిస్తోంది అన్న సాక్ష్యాన్ని ఆఖర్న తీసుకోవాలి. చాలామంది దాంతోనే మొదలుపెడతారు, అక్కడే దారి తప్పుతారు.

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని పేజీకి నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో మాటను తెలుగు లిపిలో రాయాలి. రెండో గడిలో ఆ మాట ఎవరి రచనలో, ఏ సందర్భంలో, ఏ చప్పుడు కోసం వచ్చిందో రాయాలి. మూడో గడి గ్రీకులోనే దానికి ఉన్న చుట్టాలకి. నాలుగోది నిఘంటువు తీర్పుకి. పేజీ చివర మీ నిర్ణయం: ఖాయం, అనుమానం, కాదు. ఈ మూడిట్లో ఏదో ఒకటి.

మొదటి గడిలో తెలుగు లిపి ఎందుకంటే, ఈ పనికి అంత బాగా కుదిరే లిపి ఇంకొకటి నాకు కనిపించలేదు. గ్రీకులో ఎప్సిలాన్ అంటే మన ఎ, ఈటా అంటే మన ఏ. ఒమిక్రాన్ ఒ, ఒమేగా ఓ. ఈ హ్రస్వ దీర్ఘాల తేడా ఇంగ్లీషు రాతలో పోతుంది, హిందీ లిపిలో కూడా మామూలుగా కనపడదు. మనకి అది ఒకటో తరగతి పాఠం. అలాగే ఫై, థీటా, ఖై. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్ వాళ్లు వీటిని మన ఒత్తుల్లాగే, గాలి వదులుతూ పలికారు: ఫ, థ, ఖ. ఇక్కడ ఫ అంటే ‘ఫోన్’లో మనం పలికే ఫ కాదు. పెదాలు రెండూ పూర్తిగా కలిసి, ప తర్వాత హ వదలాలి. దీనికి మంచి ఆధారం రోమన్ వక్త క్వింటిలియన్ చెప్పిన ఒక ముచ్చట. ఫుండానియుస్ అనే లాటిన్ పేరులో మొదటి అక్షరం పలకలేకపోయిన ఒక గ్రీకు సాక్షిని సిసెరో ఎగతాళి చేశాడట. గ్రీకు ఫై, లాటిన్ ఎఫ్ ఒకటే అయితే ఆ సాక్షికి ఆ ఇబ్బందే ఉండేది కాదు. జీటాని మాత్రం నేను ‘జ్ద’ అని రాసుకుంటాను. ప్రాచీన ఏథెన్స్‌లో అది అలాంటి జంట ధ్వని అని చాలామంది పండితుల అభిప్రాయం.

ఉచ్చారణ సరిచేసుకోకుండా ముందుకెళ్తే ఏమవుతుందో గొర్రె చెప్తుంది. క్రీ.పూ. 5వ శతాబ్దపు హాస్య నాటక కర్త క్రాతీనుస్ రాసిన పంక్తి ఒకటి మిగిలింది: మూర్ఖుడు గొర్రెలాగా ‘బే బే’ అంటూ నడుస్తాడు అని. అక్షరాలు బీటా, ఈటా. ఇప్పటి గ్రీకులో బీటా ‘వ’ అయింది, ఈటా ‘ఈ’ అయింది. అదే పంక్తిని ఈనాటి గ్రీకు ఉచ్చారణలో చదివితే గొర్రె ‘వీ వీ’ అంటుంది. ప్రపంచంలో ఏ గొర్రె అలా అరుస్తుంది? గొర్రె మారలేదు, అక్షరాల విలువ మారింది. ఇప్పటి గ్రీకువాళ్లు గొర్రె అరుపు రాయాలంటే ‘బ’ కోసం మ్యూ, పీ అనే రెండక్షరాలు కలుపుతారు. ఈటా ఒకప్పుడు ఏ అని చెప్పడానికి పండితులు చూపించే సాక్ష్యాల్లో ఈ గొర్రె ఒకటి. కాబట్టి మాటని ముందు ఆ కాలపు నోట్లో పెట్టండి, తర్వాతే వినండి.

ఇక రెండో గడి. ఇక్కడ మీకు దొరికే గని అరిస్తోఫనీస్. ఆయన హాస్య నాటకాల్లో జంతువులు, వాయిద్యాలు, ఉరుములు అన్నీ నోరు తెరుస్తాయి. క్రీ.పూ. 405 నాటి ‘కప్పలు’ నాటకంలో దియొనూసొస్ దేవుడు పాతాళానికి పడవలో తెడ్డు వేసుకుంటూ వెళ్తుంటే కప్పలు చుట్టూ చేరి ‘బ్రెకెకెకెక్స్ కొఅక్స్ కొఅక్స్’ అని పాడతాయి. ‘కందిరీగలు’లో కుక్క ‘అఉ అఉ’ అంటుంది. క్రీ.పూ. 425 నాటి ‘అఖర్నీయులు’లో సందర్భం కరుకైనది. యుద్ధం వల్ల తిండిలేక మాడిపోయిన మెగారా ఊరి మనిషి తన ఇద్దరు ఆడపిల్లల్ని పందిపిల్లలుగా వేషం కట్టి సంతలో అమ్మకానికి తెస్తాడు. అరవండి అంటే ఆ పిల్లలు ‘కొఇ కొఇ’ అంటారు. నవ్వించే చోటే, కానీ చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను.

ఇవన్నీ నేరుగా అరుపులు. వీటి పుట్టుక గురించి తగువు లేదు. అసలు పని అరుపు మాటగా మారే చోట ఉంది. గ్రీకులో దానికి ఒక ఇష్టమైన దారుంది, అది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. తెలుగులో మనం చప్పుడు పక్కన ‘అను’ చేర్చి క్రియ చేస్తాం: గణగణమంది, బుస్సుమంది. గ్రీకువాళ్లు చివర ‘-జ్దో’ తగిలిస్తారు. కాబట్టి క్రియ చివర జ్దో కనిపిస్తే దాన్ని విడగొట్టి, మిగిలింది ఒక అరుపు అవుతుందా అని చూడండి. ‘అయ్యో నాకు’ అని ఏడవడం ఒఇమొఇ. దాని నుంచి ఒఇమోజ్దో, అంటే గోలుగోలున ఏడవడం. కోకిల కూత కొక్కు, దాని నుంచి కొక్కూజ్దో. పంది గుర్రుమనడం గ్రూ, దాని నుంచి గ్రూజ్దో. యుద్ధంలో సైనికుల కేక అలలఇ, దాని నుంచి అలలజ్దో.

ఈ పని కళ్లముందే జరిగిన చోటు ఒకటుంది. క్రీ.పూ. 458లో ప్రదర్శించిన ఐస్ఖులొస్ విషాద నాటకం ‘అగమెమ్నోన్’లో, బందీగా వచ్చిన కస్సండ్రా తన చావు కాచుకున్న ఇంట్లోకి అడుగుపెట్టబోతూ ‘ఫెఉ ఫెఉ’ అంటుంది. వెంటనే నాటకంలోని గాయక బృందం అడుగుతుంది: ‘తి తూత్ ఎఫెఉక్సస్?’ అంటే, ‘ఎందుకలా ఫెఉ అన్నావు?’ అని. ఆమె నోట్లోంచి వచ్చిన నిట్టూర్పు తర్వాతి పంక్తికే భూతకాల క్రియ అయిపోయింది. ధ్వన్యనుకరణ మాట పుట్టుకని ఇంత దగ్గరగా చూపించే చోటు నాకు మరొకటి తెలియదు. ఈ విషయం మీద నాతో పది నిమిషాలు కూర్చున్న ఎవరికైనా ముందు ఈ రెండు పంక్తులే చదివి వినిపిస్తాను.

జ్దో క్రియల్ని నామవాచకం వైపు నుంచి కూడా పరీక్షించొచ్చు. ఈ అరుపు క్రియల్లో చాలావాటికి జత నామవాచకం ‘-గే’తో ఉంటుంది: ఒఇమోగే (ఏడుపు), ఒలొలుగే (ఆడవాళ్లు పూజల్లో పెట్టే కేక), అలలగే. మీ దగ్గరున్న మాటకి ఇలాంటి జత దొరికితే మూడో గడిలో రాసుకోండి.

ఇప్పుడు ‘ఇలియడ్’, ‘ఒడిస్సీ’ మహాకావ్యాల కవి హోమర్ దగ్గరికి రండి, నెమ్మదిగా చదవాల్సింది ఇక్కడే. ‘ఇలియడ్’ 21వ సర్గలో స్కమండ్రొస్ నది ఉప్పొంగి గ్రీకు వీరుడు అఖిల్లెఉస్‌ని తరుముతుంది. ఆ ప్రళయం మధ్యలో హోమర్ హఠాత్తుగా ఒక రైతుని చూపిస్తాడు. ఊట నుంచి తోటలోకి నీళ్లు కడుతున్న మనిషి, చేతిలో పార లాంటి పనిముట్టు, కాలువలో అడ్డుపడిన చెత్తని తీసి పారేస్తున్నాడు. నీరు కదిలింది, అడుగునున్న గులకరాళ్లన్నీ దొర్లాయి, పల్లం రాగానే నీరు ‘కెలరుజ్దెఇ’ అంటూ దారి చూపిస్తున్న మనిషినే దాటి పరుగెత్తింది. నీళ్లు కట్టిన వాళ్లెవరికైనా ఆ క్షణం తెలుసు. గట్టు తెగ్గొట్టగానే నీరు మన కాళ్లకంటే ముందు వెళ్లిపోతుంది. కెలరుజ్దో గలగల పారడానికి మాట. రెండో గడిలో ఇలాంటి సందర్భాన్ని పూర్తిగా రాసుకోండి. నిఘంటువు ఇచ్చే ఒక్క ముక్క అర్థం చాలదు. రాళ్లు దొర్లుతున్నాయని తెలిస్తేనే క, ల, ర ఎందుకు వచ్చాయో ఆలోచించగలం.

ఈ కెలరుజ్దోకి ప్రాచీన సాక్షి కూడా ఉన్నాడు. భూగోళ రచయిత స్త్రాబోన్ 14వ సంపుటంలో కారియా దేశం గురించి చెప్తూ, హోమర్ ఆ జనాన్ని ‘బర్బరొఫోనొఇ’ (బర్బరొస్ పలుకుల వాళ్లు) అని ఎందుకన్నాడో వివరిస్తాడు. మాట తడబడేవాళ్లని, మొరటుగా గరగరమని పలికేవాళ్లని ఉద్దేశించి మొదట ధ్వన్యనుకరణగానే ‘బర్బరొస్’ (తర్వాత గ్రీకు రాని పరాయివాడికి పేరైన మాట) అని ఉంటారు అంటాడు. చప్పుళ్లకి వాటిలాంటి మాటలతోనే పేరు పెట్టడం మనకి సహజం అంటూ ఉదాహరణలిస్తాడు: కెలరుజ్దేన్, క్లంగే (వింటినారి మోత), ప్సొఫొస్ (చప్పుడు), బొఏ (కేక), క్రొతొస్ (చప్పట్లు). గ్రీకు మాతృభాషగా ఉన్న మనిషి రెండు వేల ఏళ్ల క్రితం ఇచ్చిన జాబితా ఇది. మీ మాట అందులో ఉంటే పెద్ద బలం. సంస్కృతంలోని బర్బర శబ్దాన్ని కూడా నిఘంటువులు బర్బరొస్ పక్కనే చూపిస్తాయి. మన బర్బరులు వచ్చింది ఆ సంస్కృతం దారినే.

ఇలాంటి పాత జాబితా మరొకటి, దియొనూసియొస్ థ్రాక్స్ పేరు మీదున్న వ్యాకరణంలో ఉంది. నామవాచకాల రకాల్లో ‘పెపొఇఏమెనొన్’, అంటే చప్పుడు తీరుని అనుకరించి కల్పించిన మాట, అని ఒకటి చెప్పి మూడు ఉదాహరణలిస్తుంది. ఫ్లొఇస్బొస్, అలల హోరు. రొఇజ్దొస్, దూసుకెళ్లే బాణం లాంటివాటి రొద. ఒరుమగ్దొస్, పెద్ద గోల. కొండ లోయలో కట్టెలు కొట్టేవాళ్ల చప్పుడుకి హోమర్ వాడింది ఈ మూడోదే.

సాక్ష్యం దొరికాక కూడా ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ చప్పుడు మాటలో ఉందా, కవి కూర్పులో ఉందా? యుద్ధంలో మనిషి పడినప్పుడు హోమర్ మళ్లీ మళ్లీ వాడే పంక్తి ఒకటుంది: ‘దూపేసెన్ దె పెసోన్, అరబేసె దె తెఉఖె ఎప్ అఉతోఇ’. దభీమని పడ్డాడు, ఒంటిమీద కవచం ఖణఖణమంది. దూపొస్, అరబొస్ రెండూ చప్పుడు మాటలే. ఒకటి శరీరం బరువు, ఇంకోటి కంచు మోత. దూపొస్‌కి ముందు పాత కాలంలో గ కూడా ఉండేదని హోమర్‌లోనే మిగిలిన రూపాలు చెప్తున్నాయి: ఉరిమే జ్యూస్ దేవుడికి విశేషణం ‘ఎరిగ్దూపొస్’. ఆ గ్ద్ పలికి చూడండి, పడటం ఇంకా బరువెక్కుతుంది. దీనికి భిన్నంగా ‘ఇలియడ్’ 3వ సర్గలో గ్రీకు రాజు మెనెలావొస్ కత్తి శత్రువు శిరస్త్రాణం మీద విరిగే చోట ‘త్రిఖ్థా తె కఇ తెత్రఖ్థా’ అంటాడు. పెళపెళమని విరిగినట్టే వినిపిస్తుంది. కానీ ఆ మాటల అర్థం మూడు ముక్కలుగా, నాలుగు ముక్కలుగా అని. అవి అంకెల నుంచి వచ్చినవి, చప్పుడు నుంచి కాదు. చప్పుడు కవి చేసిన పని. ఇలాంటివాటికి నోట్‌బుక్ వెనక వేరే పేజీ పెట్టుకోండి. వాటిని పుట్టుక పేజీలో కలిపితే లెక్క చెడుతుంది.

మాటల పుట్టుక మీద తత్వవేత్త ప్లేటో రాసిన సంభాషణ ‘క్రతులొస్’ని కూడా ఆ వెనక పేజీలోనే పెట్టమంటాను. అందులో సోక్రటీస్, ర పలికేటప్పుడు నాలుక ఎక్కువగా కదులుతుంది కాబట్టి రెఏన్ (పారడం), త్రొమొస్ (వణుకు) లాంటి కదలిక మాటల్లో ర పెట్టారు అంటాడు. ల జారుతుంది కాబట్టి నునుపు మాటల్లో పెట్టారు అంటాడు. అందమైన ఆలోచన, కానీ అది చప్పుడు అనుకరణ కాదు. ఆ తేడా సోక్రటీసే చూపిస్తాడు: గొర్రెల్లా, కోళ్లలా అరిచేవాళ్లు వాటికి పేర్లు పెడుతున్నట్టు ఒప్పుకోవాల్సి వస్తుంది అని. పైగా ‘కాఠిన్యం’ అనే అర్థమున్న స్క్లేరొతేస్ మాటలోనే మెత్తని ల ఉందని తర్వాత ఆయనే ఎత్తి చూపుతాడు.

ఇప్పుడు మూడు, నాలుగు గళ్లు. నిఘంటువులు ఉచితంగానే చూడొచ్చు. చికాగో విశ్వవిద్యాలయం వారి లొగేయొన్ సైట్‌లో లిడెల్-స్కాట్-జోన్స్ నిఘంటువు ఉంది. టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారి పెర్సియస్‌లో మూలగ్రంథాలు కూడా ఉన్నాయి. వ్యుత్పత్తికి మాత్రం షాంత్రేన్ ఫ్రెంచి నిఘంటువు, 2010లో వచ్చిన బేకెస్ ఇంగ్లీషు నిఘంటువు ముఖ్యం. బేకెస్‌లో చాలా మాటల దగ్గర చిన్న గుర్తు ఉంటుంది: ఇండో-యూరోపియన్ (గ్రీకు, సంస్కృతం రెండూ చేరే భాషా కుటుంబం) అనీ, గ్రీకుకి ముందరి భాషది అనీ, ధ్వన్యనుకరణ అనీ. ఆ గుర్తు నాలుగో గడిలో రాసేయండి. అయితే వివరణ కూడా చదవండి. గ్రీకుకి ముందరి భాష అనే తీర్పు ఆయన ఉదారంగా ఇస్తాడు, షాంత్రేన్ అన్నిచోట్లా ఒప్పుకోడు.

చెవి చేసే మోసం బయటపడేది ఇక్కడే. హైదరాబాద్‌లో భాషాశాస్త్రం చదువుతున్న మా మేనకోడలు ఒకసారి, ‘మావయ్యా, గ్రీకులో ఆవు బూస్ కదా, అంబా లాగా అది కూడా అరుపేనా?’ అని అడిగింది. వినడానికి అలాగే ఉంది. కానీ సంస్కృతంలో ఆవు గౌః. గ్రీకు బ దగ్గర సంస్కృతంలో గ రావడం ఈ ఒక్క మాటలోనే కాదు. గ్రీకు బరుస్ (బరువైనది), సంస్కృతం గురు. గ్రీకు బఇనో (నడుస్తాను), సంస్కృతం గమ్ ధాతువు. మూడింటి మొదటి ధ్వనీ గ్రీకు, సంస్కృతాలు పుట్టిన మూల భాషలో గ్వ లాంటిది, గ్రీకులో అ, ఒ ల ముందు అది క్రమం తప్పకుండా బ అయింది. అంటే బూస్ మొదట ‘బ’తోనే లేదు. పాత రూపం తెలిశాక అరుపు పోలిక దానంతటదే పడిపోయింది. ‘కాదు’ అని రాసుకోమ్మా అన్నాను. ‘అయితే సంస్కృతం పక్కన పెట్టకుండా ఒక్క మాట కూడా తేల్చకూడదన్నమాట’ అంది. అంతే మరి. బంధు భాషలో క్రమమైన చుట్టం దొరికిన మాటని ముందు ఆ చుట్టంతో కలిపి చూడాలి, తర్వాతే చప్పుడు సంగతి.

కోకిల విషయంలో జాగ్రత్త వేరే రకం. గ్రీకు కొక్కూక్స్ మన నల్ల కోకిల కాదు, ఆ కుటుంబంలోనే ఇంకో పక్షి. హెసియొదొస్ తన వ్యవసాయ కావ్యంలో, ఓక్ చెట్టు ఆకుల్లో కొక్కూక్స్ కూసినప్పుడు మూడో రోజున ఎద్దు గిట్ట మునిగేంత, ఎక్కువా తక్కువా కాకుండా వాన పడితే, ఆలస్యంగా దున్నినవాడు కూడా ముందు దున్నినవాణ్ణి అందుకుంటాడు అంటాడు. కూత నుంచి పేరు వచ్చిందనడంలో అనుమానం లేదు. కానీ కొక్కూక్స్‌నీ కోకిలనీ పక్కపక్కన పెట్టి ఒకదాన్నుంచి ఇంకోటి వచ్చిందని తేల్చకండి. ఇద్దరు మనుషులు వేర్వేరు దేశాల్లో పక్షి కూత విని దగ్గర దగ్గరగా పేరు పెట్టొచ్చు. మామూలు మాటల్లో పోలిక చుట్టరికానికి సూచన అవుతుంది. ఈ మాటల్లో పోలిక దేన్నీ రుజువు చేయదు.

ప్రాచీనులు చెప్పారు కదా అని అన్నీ నమ్మకూడదు కూడా. అరిస్తోఫనీస్ ‘మేఘాలు’ నాటకంలో స్త్రెప్సియదేస్ అనే పాత్ర, పండగ పూట పులుసు ఎక్కువ తాగితే కడుపులో ‘పప్పక్స్’ అని మొదలై ‘పపపప్పక్స్’ దాకా ఉరిమిందని చెప్పి, అందుకే బ్రొంతే (ఉరుము), పొర్దే (అపానవాయువు) పేర్లు ఒకేలా ఉన్నాయి అంటాడు. పొర్దేకి సంస్కృతంలో పర్ద్ అనే చుట్టం ఉంది. బ్రొంతే మాత్రం హోరెత్తడం అనే అర్థమున్న బ్రెమో నుంచి వచ్చింది. రెండింటికీ సంబంధం లేదు. చివర క్స్ ఉన్నంత మాత్రాన అనుకరణ అనుకోవడం కూడా తప్పే. కొఅక్స్, పపపప్పక్స్ లాగే థోరాక్స్ కూడా ముగుస్తుంది, అది ఛాతీ కవచం.

గళ్లన్నీ నిండాక చెవికి అవకాశం ఇవ్వండి. మాటని పైకి, హ్రస్వ దీర్ఘాలతో పలకండి. ‘ఒడిస్సీ’ 9వ సర్గలో కమ్మరి కాలిన గొడ్డలిని పదును కోసం చన్నీళ్లలో ముంచినప్పుడు అది ఎలా బుసకొడుతుందో, కంట్లో పొడిచిన కాలిన ఆలివ్ కర్ర చుట్టూ ఒంటికన్ను రాక్షసుడు కూక్లోప్స్ కన్ను అలా ‘సిజ్ద్’ అంది. సిజ్దోలో జ్దో తీసేస్తే మిగిలేది ‘సి’ ఒక్కటే. మనం చుయ్‌మంది అంటాం. పాత ఉచ్చారణ, సందర్భం, క్రియ చేసిన తీరు అన్నీ ఒకేవైపు చూపిస్తున్నాయి, చెవి కూడా ఒప్పుకుంది. ఖాయం.

మొదటి పేజీలకి ఈ మాటలు తీసుకోండి, మాటకో పేజీ. బొంబొస్, అంటే ఝుంకారం. లాటిన్, ఇటాలియన్, ఫ్రెంచి, ఇంగ్లీషు దాటుకుంటూ మన బాంబు అయ్యింది ఇదే. కొరక్స్, పెద్ద కాకి. త్రూగోన్ అనే గువ్వ, కూయడానికున్న త్రూజ్దో క్రియతో కలిపి. తెత్తిక్స్, ఇలకోడి లాంటి పురుగు. కుంబలొన్, వాయించే కంచు తాళం. ఈ చివరిదాన్ని వెతికేటప్పుడు గిన్నెకి ఉన్న కుంబే అనే మాటని కూడా చూడండి, నిర్ణయం గడిలో ఏం రాయాలో అక్కడ తెలుస్తుంది.